పక్షవాతం తర్వాత ఇంట్లోనే కోలుకోవడం: ఫోన్‌లో వీడియో ఎంతవరకు పనికొస్తుంది

పక్షవాతం వచ్చిన మనిషిని దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లన్నీ అయ్యాక చివర్న ఒక్క ముక్క కనిపిస్తుంది: ఫిజియోథెరపీ చేయించాలి. ఎక్కడ, ఎవరితో, రోజుకు ఎంతసేపు, ఎన్ని నెలలు అన్నది చాలాసార్లు అందులో ఉండదు. ఇంటికొచ్చిన రెండో రోజో మూడో రోజో కొడుకు ఫోన్ తీసి యూట్యూబ్‌లో పక్షవాతం ఎక్సర్‌సైజులు అని వెతుకుతాడు. బోలెడు వీడియోలు వస్తాయి. కొన్ని నిజంగా మంచివి. కొన్ని వేరే దశలో ఉన్న పేషెంటు కోసం చేసినవి. కొన్ని నూనె అమ్ముకోవడానికి చేసినవి. ఏది తమ మనిషికి సరిపోతుందో తెలుసుకునే దారి ఆ ఇంటివాళ్లకు ఎవరూ చూపించి ఉండరు.

వీడియోతో ఫిజియోథెరపీ పల్లెదాకా వచ్చేసిందని సంబరపడేవాళ్లు ఉన్నారు. అదంతా ఉత్తదేనని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది: వీడియో చెప్పగలదు గానీ చూడలేదు. మన మనిషి భుజం ఎలా ఉందో, మోకాలు వెనక్కి విరుచుకుంటోందో లేదో దానికి తెలియదు. అందుకే వీడియోతో పాటు చూసే కళ్లు ఒక జత ఉంటేనే అది చికిత్స అవుతుంది. ఆ కళ్లను నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎలా ఏర్పాటు చేసుకోవచ్చన్నదే అసలు ప్రశ్న.

మొదటి నెలలు ఎందుకంత విలువైనవి

మనం కాలూ చెయ్యీ పడిపోయింది అంటాం గానీ దెబ్బ తగిలేది మెదడుకు. ఎక్కువమందిలో మెదడుకు నెత్తురు తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడుతుంది. మిగతావాళ్లలో నాళం చిట్లి నెత్తురు కారుతుంది. గడ్డ రకమైతే, స్కాన్ తీసి చూసి, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. ఆ గడువులోపు స్కాన్ ఉన్న దవాఖానకు చేరలేకపోయినవాళ్లు మన పల్లెల్లో చాలామంది.

చచ్చిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. కానీ చుట్టుపక్కల బతికున్న కణాలు కొత్తగా జతకట్టి, పోయిన పనిని కొంతమేర నేర్చుకుంటాయి. చేనుకు వెళ్లే డొంక కోతకు గురైతే గట్ల మీదుగా కొత్త బాట పడినట్టు. నడిచేకొద్దీ బాట గట్టిపడుతుంది, నడవకపోతే గడ్డి మొలుస్తుంది. కాళ్లు చేతుల కదలికలో ఎక్కువ మార్పు కనిపించేది మొదటి మూడు నెలల్లో. ఆరు నెలల దాకా కూడా బాగానే ఉంటుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగిపోదు. ఏడాది దాటింది కదా, ఇంకేం లాభం అని వదిలేయడం తప్పు.

బాట పడాలంటే ఎన్నిసార్లు నడవాలి? అమెరికా, కెనడాల్లో ఫిజియోథెరపీ సెషన్లను దగ్గరుండి గమనించి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక్కో సెషన్‌లో చేతితో పనికొచ్చే కదలికలు సగటున 32 సార్లే చేయిస్తున్నారని తేలింది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మెదడులో మార్పు కనిపించడానికి వందల సార్లు చేయించాల్సి వచ్చింది. అంటే మంచి సెంటర్‌కు రోజూ వెళ్లేవాళ్లకు కూడా అక్కడి అరగంటో గంటో సరిపోదు. మిగతా పని ఇంట్లోనే జరగాలి.

అలాగని ఎంత ఎక్కువైతే అంత మంచిదనీ కాదు. 2015లో వచ్చిన అవర్ట్ అనే పెద్ద అధ్యయనంలో 2,104 మందిని చూశారు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే మొదలుపెట్టి, మామూలు కంటే ఎక్కువసార్లు మంచం దింపి నడిపించిన గుంపులో ఫలితాలు మెరుగుపడలేదు సరికదా కొంచెం తగ్గాయి. ఏ రోజు ఎంత చేయించాలన్నది పేషెంటును బట్టి డాక్టరు, ఫిజియో నిర్ణయించాల్సిన విషయం. ఇవాళ ఇది ఎన్నో రోజో వీడియోకు తెలియదు.

దక్షిణ తెలంగాణలో ఇల్లే సెంటర్ ఎందుకైంది

దవాఖానలు దగ్గరికొస్తున్నాయి, కాదనలేం. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తుల్లో 2022లో మొదలయ్యాయి. ఒకప్పుడు హైదరాబాద్ నిమ్స్‌కో ఉస్మానియాకో పోతే తప్ప దొరకని వైద్యం కొంత ఇప్పుడు జిల్లాలోనే దొరుకుతోంది. కానీ మంచం మీది మనిషికి వారానికి నాలుగైదు సార్లు కావాల్సిన సేవ ఇది. అమ్రాబాద్ మండలం నుంచో చందంపేట తండా నుంచో జిల్లా కేంద్రానికి వారానికి నాలుగుసార్లు ఎవరు రాగలరు? ఒక కాలు పనిచేయని మనిషిని ఆటో ఎక్కించి దించడానికి ఇద్దరు కావాలి. ఆ ఇద్దరి కూలి పోతుంది, పైన ఆటో కిరాయి. మొదటి నెల ఎలాగో తిరుగుతారు. రెండో నెల వారానికొకసారి అవుతుంది. పత్తి తీసే రోజులొస్తే అదీ ఆగుతుంది.

దీనికి పాలమూరు వలస తోడైంది. కొడుకు ముంబైలోనో పుణెలోనో పనిలో ఉంటాడు, లేదా హైదరాబాద్‌లో అడ్డా మీద నిలబడతాడు. ఇంట్లో పెద్దాయన, ఆయన భార్య, మహా అయితే కోడలు. చాకిరీ అంతా ఆ ఆడవాళ్ల మీదే పడుతుంది. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఎక్సర్‌సైజుల బొమ్మల కాగితం ఇచ్చినా అది బీరువాలోకి పోతుంది. వీడియో ఇక్కడే నిజంగా ముఖ్యమవుతుంది. చదువు రాని మనిషి కూడా చూసి నేర్చుకుంటుంది, మర్చిపోతే మళ్లీ పెట్టుకుని చూస్తుంది.

అధ్యయనాలు ఏం చెప్పాయి

వినడానికి అంత ఇంపుగా ఉండని ఫలితాలు ముందు చెప్పాలి. ఇంటివాళ్లకే శిక్షణ ఇచ్చి వాళ్లతోనే చేయిస్తే ఎలా ఉంటుందని మన దేశంలోనే ఒక పెద్ద అధ్యయనం జరిగింది. పేరు అటెండ్. 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పేషెంట్లు. సగం మంది ఇళ్లవాళ్లకు ఆసుపత్రిలో ఉండగానే నేర్పించడం మొదలుపెట్టి, ఇంటికెళ్లాక రెండు నెలల దాకా కొనసాగించారు. 2017లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. తేడా లేదు.

స్ప్రింట్ ఇండియా అధ్యయనం ఇంకా పెద్దది. 31 కేంద్రాలు, 4,298 మంది. 12 భాషల్లో ఎస్సెమ్మెస్‌లు, ఆరోగ్య వీడియోలు, ఒక వర్క్‌బుక్ ఇచ్చారు. ఏడాదిలోపు మళ్లీ పక్షవాతమో గుండెపోటో రావడం, చనిపోవడం వీటితో తగ్గుతాయా అని చూశారు. తగ్గలేదు. వీడియోలు అందుకున్నవాళ్లలో 5.5 శాతం, అందుకోనివాళ్లలో 4.9 శాతం. అయితే వీడియోలు, మెసేజ్‌లు అందుకున్నవాళ్లు మందులు క్రమంగా వేసుకోవడంలో, పొగ, మద్యం మానడంలో కొంత మెరుగ్గా ఉన్నారు. ఇది 2023 నాటి మాట. ఆస్ట్రేలియాలో 62 మంది మీద చేసిన ఒక చిన్న అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. చేతి వ్యాయామాలను ట్యాబ్లెట్‌లో వీడియోగా, రిమైండర్‌లతో ఇచ్చినా, కాగితం మీద ఇచ్చినా పేషెంట్లు చేసిన సాధన ఇంచుమించు ఒకటే.

దీనికి ఎదురుగా 2019లో అమెరికాలో 11 చోట్ల 124 మందితో చేసిన అధ్యయనం ఉంది. ఇంట్లోనే కంప్యూటర్, ఆటల లాంటి పరికరాలు పెట్టి చేతికి సాధన చేయించారు. మొత్తం 36 సెషన్లు, ఒక్కోటి 70 నిమిషాలు. సగం సెషన్లలో థెరపిస్టు వీడియో కాల్‌లో ఉండి చూస్తూ చెప్పారు, సగం పేషెంటు సొంతంగా చేశారు. సెంటర్‌కు వెళ్లి చేసినవాళ్లకు ఎంత మేలు జరిగిందో ఇంట్లో చేసినవాళ్లకూ అంతే జరిగింది.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు రెండు విషయాలు కనిపిస్తాయి. ఒకటి మోతాదు: 36 సెషన్లంటే 42 గంటల సాధన. రెండోది చూసే మనిషి: తప్పు చేస్తే ఆపి, సులువైతే పెంచి, నీరసపడితే మాట్లాడించే మనిషి. కాగితం బదులు వీడియో ఇచ్చి ఈ రెండూ ఇవ్వకపోతే కాలు చెయ్యి విషయంలో పెద్ద మార్పు ఆశించలేం. అటెండ్ ఫలితాన్ని చూసి ఇంటివాళ్లు చేసేది దండగ అనుకోవడం మాత్రం పొరపాటు. ఫిజియో చేయాల్సిన పనంతా కుటుంబం నెత్తిన పెట్టి పక్కకు తప్పుకోవడం కుదరదని అది చెప్పింది. పుండ్లు పడకుండా, భుజం జారకుండా, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవడం అన్నది వేరే సంగతి. అది ఇంట్లో ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చేయలేరు, వీడియోతో బాగా నేర్పగలిగేదీ అదే.

వార్డులోనే, మీ ఫోన్‌లోనే తీసుకోండి

నా దృష్టిలో యూట్యూబ్‌లో ఎక్కడో ఉన్న వీడియో కంటే విలువైనది ఇంకొకటుంది. డిశ్చార్జికి ముందు, వార్డులో, మీ పేషెంటునే కదిలిస్తూ ఫిజియో చూపించేది మీ ఫోన్‌లో తీసుకున్న వీడియో. "మేడం, ఇంటికాడ యాదికుండదు, ఒక్కసారి చేసి చూపిస్తే ఫోన్ల తీసుకుంటం" అని అడిగితే కాదనే ఫిజియోలు తక్కువే. వార్డులో పక్క పేషెంట్లు వీడియోలో పడకుండా చూసుకోవాలి, అంతే.

ఎందుకంత విలువ అంటే, బయటి వీడియోలో కుడి పక్క పడిపోయిన మనిషిని చూపిస్తుంటే మీ పెద్దాయనకు పడిపోయింది ఎడమ పక్క కావచ్చు. అప్పుడు ప్రతి అడుగునూ మనసులో తిరగేసుకుని చేయాలి. దానికి తోడు కొన్ని వీడియోలు సెల్ఫీ కెమెరాతో తీసినవి, కుడి ఎడమ అద్దంలోలా తారుమారై ఉంటాయి. కంగారులో బాగున్న చేతికి ఎక్సర్‌సైజులు చేయించడం కూడా జరుగుతుంది. సొంత వీడియోలో ఆ గొడవే లేదు. వెనక కెమెరాతో తీయండి. ఒక్కో పనికి ఒక్కో చిన్న వీడియో, నిమిషానికి మించకుండా. ఫిజియోను నోటితో చెప్పమనండి: ఇది ఎడమ చెయ్యి, ఇన్నిసార్లు, పూటకు ఇన్ని, నొప్పి వస్తే ఇక్కడ ఆపాలి. ఆ తర్వాత అదే పని ఇంట్లో చూసుకోబోయే మనిషి ఫిజియో ముందు చేసి చూపించాలి. అది కూడా తీయండి. చాలా ఇళ్లలో వార్డులో నేర్చుకునేది కొడుకు, ఇంటికెళ్లాక చూసుకునేది కోడలో భార్యో. ఆ పావుగంటకు ఎవరు రావాలో ముందే అనుకోవాలి.

ఏవి తీసుకోవాలంటే, భుజంతో మొదలుపెడతాను. ఇళ్లలో జరిగే నష్టాల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. పక్షవాతం వచ్చిన కొత్తలో భుజం చుట్టూ ఉన్న కండరాలు వదులైపోయి ఎముకను గట్టిగా పట్టుకోలేవు. మంచం మీంచి లేపేటప్పుడు మనం ప్రేమతోనే చెయ్యి పట్టి గుంజుతాం, చంకల్లో చేతులు వేసి ఎత్తుతాం. అలా గుంజినకొద్దీ భుజం కీలు జారుతుంది, నొప్పి పట్టుకుంటుంది. నొప్పి వచ్చిన చెయ్యిని పేషెంటు ఇంక తాకనివ్వడు. అత్యంత విలువైన వారాలు అలా పోతాయి. లేపే పద్ధతి వేరు. మోకాళ్లు మడిచి, పక్కకు ఒత్తిగిలేలా తిప్పి, కాళ్లు మంచం కిందికి దించుతూ, భుజం వెనక ఎముక దగ్గర ఒక చెయ్యి, తుంటి దగ్గర ఒక చెయ్యి ఆనించి కూర్చోబెట్టాలి. నిలబెట్టేటప్పుడు నడుముకు తువ్వాల చుట్టి దాన్ని పట్టుకోవచ్చు. కూర్చున్నప్పుడు పడిపోయిన చెయ్యి కింద దిండు ఉండాలి, వేలాడకూడదు. రాసినంత సేపు చదివినా ఇది ఒంటబట్టదు, ఒక్కసారి చూస్తే పడుతుంది.

మంచం సంగతి కూడా అడగాలి. దవాఖాన మంచం ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. ఇంట్లో నులక మంచం మధ్యలో గుంట పడి ఉంటుంది. ఆ గుంటలో పడుకున్న మనిషి తనంతట తాను పక్కకు తిరగలేడు, లేచి కూర్చోలేడు. నేల మీద పడుకోబెడితే లేపేవాళ్ల నడుం పోతుంది. నులక మీద చెక్క పలక పరిచి, దానిపైన మెత్తటి పరుపో మందపాటి బొంతో వేస్తే చాలావరకు సరిపోతుంది. కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనేంత ఎత్తు ఉండాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. మడమలు, తుంటి, నడుం కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. మరుగుదొడ్డి కింద కూర్చునే రకమైతే మధ్యలో రంధ్రం ఉన్న కుర్చీ వాడాలి. ప్లాస్టిక్ కుర్చీ తడి నేల మీద జారుతుంది కాబట్టి గోడకు ఆనించి పెట్టాలి, ఒకరు పట్టుకోవాలి.

ఇక మింగడం. పక్షవాతం గొంతు కండరాలను కూడా దెబ్బతీస్తుంది. మంచినీళ్లు మామూలు మనిషికి తేలిక. మింగడం దెబ్బతిన్న మనిషికి పలుచటి నీళ్లే కష్టం, చటుక్కున ఊపిరి గొట్టంలోకి జారిపోతాయి. తర్వాత జ్వరం, దగ్గు, న్యుమోనియా. పడుకోబెట్టి చెంచాతో నీళ్లు పోయడం, కల్లు సారా అలవాటున్న మనిషి అడుగుతున్నాడని రెండు గుక్కలు పట్టించడం ప్రాణాల మీదికి తెస్తాయి. నిటారుగా కూర్చోబెట్టి, గదువ కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టమని చాలామందికి చెప్తారు. గట్టిగా పొడిపొడిగా ఉండే జొన్న రొట్టె కంటే చిక్కటి రాగి జావ, మెత్తటి గటక నయం. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచాలి. మింగిన వెంటనే దగ్గు వచ్చినా, గొంతు నీళ్లు నిండినట్టు గురగురమన్నా ఆపి డాక్టరుకు చెప్పాలి. ముక్కులోంచి గొట్టం వేసి పంపితే, వాళ్లు పరీక్ష చేసి సరేననే దాకా నోటితో ఏదీ ఇవ్వొద్దు. ఈ విషయంలో ఏ వీడియోనూ నమ్ముకోకూడదు.

యూట్యూబ్‌లో ఏది వదిలేయాలి

పడిపోయిన చేతికి స్పాంజి బంతి ఇచ్చి పిసకమనే వీడియోలు కొల్లలు. చాలామంది ఫిజియోలు దీన్ని గుడ్డిగా చేయొద్దంటారు. కొన్ని వారాలయ్యాక వేళ్లు, మోచెయ్యి లోపలికి ముడుచుకుని బిగుసుకుపోయే ధోరణి ఉంటుంది. పిసికినకొద్దీ ముడిచే కండరాలకే పని పెరుగుతుంది. ఆ దశలో కావాల్సింది వేళ్లు తెరవడం, వస్తువును వదలడం. గ్లాసు పట్టుకుని పక్కన పెట్టడం, పల్లీలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయడం, రుమాలు మడవడం లాంటి నిజమైన పనులు బంతి కంటే మేలు. చెయ్యి కొంచెమైనా కదిలే మనిషి అన్నీ బాగున్న చేత్తోనే కానిచ్చేస్తుంటే పడిపోయిన చెయ్యి ఇంకా వెనకబడుతుంది. బాగున్న చేతికి తొడుగు వేసి రెండు వారాల పాటు రెండో చేత్తో పని చేయించే పద్ధతి ఉంది. 2006లో 222 మందితో చేసిన అధ్యయనంలో మేలు కనిపించింది. కానీ మణికట్టు, వేళ్లు కొంతైనా కదిలేవాళ్లకే అది పనికొస్తుంది. అసలు కదలిక లేని మనిషికి ఆ వీడియో చూపించి చేయమంటే ఏడిపించడమే.

పావురం నెత్తురు పూస్తే కాలు లేస్తుందనే నమ్మకం ఇంకా ఉంది. దానివల్ల ఏమీ రాదు, కాలం పోతుంది. నూనె రాసి మెల్లగా నిమరడం వల్ల నష్టం లేదు, మనిషికి హాయిగా కూడా ఉంటుంది. బలంగా గుంజుతూ మాలిష్ చేయడం, స్పర్శ తెలియని కాలికి వేడి ఇటుక, వేడినీళ్ల బ్యాగు పెట్టడం ప్రమాదం. కాలిందని ఆ మనిషికి తెలియదు. షుగర్ కూడా ఉంటే ఆ పుండు మానడం పెద్ద బాధ.

నల్లగొండ వాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఇంకోటుంది. మర్రిగూడ, మునుగోడు లాంటి చోట్ల దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన పెద్దవాళ్లలో వెన్ను, మెడ, కీళ్లు ముందే బిగుసుకుపోయి ఉంటాయి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి గానీ అప్పటికే ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ వల్ల జరిగిన నష్టం అలాగే ఉంది. అలాంటి మనిషికి పక్షవాతం వస్తే, హైదరాబాద్‌లోనో చెన్నైలోనో తీసిన వీడియోలో చేతిని తలపైకి పూర్తిగా లేపారని ఇక్కడా బలవంతంగా లేపకూడదు. ఆ చెయ్యి పక్షవాతానికి ముందు ఎంత లేచేదో ఇంటివాళ్లకే తెలుసు. అది మొదటి రోజే ఫిజియోకు చెప్పాలి.

వీడియో అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటు కూడా

మొదట చెప్పిన చూసే కళ్లు ఇక్కడ వస్తాయి. వారానికొకసారి మీ మనిషి కూర్చోవడం, లేవడం, నాలుగడుగులు వేయడం, చెయ్యి ఎత్తడం తీసి ఫిజియోకు వాట్సాప్‌లో పంపండి. ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, పాదాలు కనిపించేలా. ఏ మార్పు చేయాలో ఆ అర నిమిషంలో ఫిజియోకు చాలావరకు తెలుస్తుంది: పాదం ఈడుస్తోందా, మోకాలు వెనక్కి పోతోందా, బరువంతా బాగున్న కాలి మీదే వేస్తున్నాడా. నెలకొకసారి నేరుగా వెళ్లి చూపించుకుంటే, మధ్యలో మూడు వారాలు ఇలా గడపవచ్చు. ముంబైలో ఉన్న కొడుకు చేయగలిగిన పెద్ద సాయం కూడా ఇదే. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ఉండి పది నిమిషాలు నాయినతో లెక్కపెడుతూ చేయించడం. పేషెంటు ఒప్పుకుంటేనే తీయాలి, బట్టలు సరిగ్గా ఉండాలి, బంధువుల గ్రూపుల్లో పెట్టకూడదు. మూతి వంకరపోయిన ముఖాన్ని నలుగురికీ చూపడం ఆ మనిషికి ఎంత అవమానమో ఆలోచించాలి.

మాట పోయినవాళ్లతో కూడా వీడియో పనికొస్తుంది. మెదడు ఎడమ పక్క దెబ్బతింటే మాట పోవచ్చు, తెలివి మాత్రం చాలావరకు ఉంటుంది. చిన్న చిన్న మాటలు, అవును కాదు అని తలూపగలిగే ప్రశ్నలు, జవాబు కోసం ఓపిగ్గా ఆగడం. మాట పెగలని కొందరు పాట పాడగలరు. ఏళ్లుగా బతుకమ్మ ఆడిన అవ్వకు ఆ పాటల వీడియో పెట్టి, చప్పట్లతో కలిసి పాడితే నోట కొన్ని మాటలు రావచ్చు. బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేటప్పుడు ఇంట్లో వాడే మాటలే అడగాలి, పుస్తకంలో మాటలు కాదు.

పక్షవాతం వచ్చినవాళ్లలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. తిండి మానేయడం, ఊరికే ఏడవడం, ఎక్సర్‌సైజు వద్దని మొరాయించడం మొండితనం కాకపోవచ్చు. దానికి మందులున్నాయి, డాక్టరుకు చెప్పాలి. చూసుకునే మనిషి కూడా అంతే అలసిపోతుంది. ఆమె నడుం నొప్పి, నిద్ర లేకపోవడం, టెన్షన్ ఎవరూ అడగరు. వారంలో ఒక పూట ఆమెను వేరేవాళ్లు విడిపించాలి. మనసు మరీ బరువెక్కితే మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పేషెంటు గురించే కాదు, తన గురించి కూడా ఫోన్ చేయవచ్చు.

డబ్బు సంగతి ఒక్క మాట. చెయ్యి కాలు పనిచేయకపోవడం చట్టం ప్రకారం వైకల్యమే. సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ ఇస్తే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 2023 జులైలో నెలకు 4,016 రూపాయలైంది. ఎలా దరఖాస్తు చేయాలో మీసేవ కేంద్రంలో చెప్తారు. నెలకు ఒకట్రెండు సార్లు ఫిజియో దగ్గరికి వెళ్లిరావడానికి ఆటో కిరాయి అందులోంచి వస్తుంది.

ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా ఉంది. జిల్లా మెడికల్ కాలేజీల్లో ఫిజియోలు ఉన్నారు, ఆశా కార్యకర్తల చేతుల్లో ఫోన్లున్నాయి, పల్లె దవాఖానలున్నాయి. నులక మంచం మీద, తండా ఇంట్లో, మన యాసలో, లంబాడీ మాటలో కూడా తీసిన పది చిన్న వీడియోలు ఆశా ఫోన్‌లో ఉంటే, ఇంటింటికీ తిరిగేటప్పుడు ఆమె దగ్గరుండి చేయించి, ఇంటివాళ్లు చేస్తున్నది తీసి జిల్లాలో ఉన్న ఫిజియోకు పంపగలదు. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఆ వీడియోలు చూసి జవాబు చెప్పడానికి ఫిజియో డ్యూటీలో వారానికి ఒక పూట కేటాయించాలి, ఆశాకు ఆ పనికి డబ్బులివ్వాలి. ఆ రెండూ చేయకుండా వీడియోలు మాత్రం విడుదల చేస్తే పనికాదని పైన చెప్పిన అధ్యయనాలు ముందే హెచ్చరించాయి.

రెండో పోటు రాకుండా

ఎంత కష్టపడి నడిపించినా, మళ్లీ పక్షవాతం వస్తే మొదటికొస్తుంది. బీపీ నార్మల్‌కు వచ్చిందని గోలీలు ఆపేయడమే అన్నిటికంటే ఎక్కువ ముప్పు. బీపీ తగ్గింది ఆ గోలీల వల్లే. నెత్తురు పలచబడే మందులు, షుగర్ మందులు, కొవ్వు తగ్గించే మందులు కూడా డాక్టరు చెప్పకుండా మానకూడదు. స్ప్రింట్ అధ్యయనంలో వీడియోలు, మెసేజ్‌లు మేలు చేసింది ఈ అలవాట్ల దగ్గరే. కాబట్టి ఫోన్‌లో అలారం, కొడుకు రోజూ అడగడం లాంటివి చిన్నవిగా తీసేయొద్దు. బీడీ, తంబాకు పూర్తిగా మానాలి, పచ్చళ్ల ఉప్పు తగ్గించాలి. పాలమూరులో కొన్నిచోట్ల కల్లులో మత్తు మందులు కలుపుతారన్నది అందరికీ తెలిసిందే. రోజూ ఆ కల్లు తాగే మనిషికి అది ఒక్కసారిగా ఆగితే వణుకు, పిచ్చిచూపులు, ఫిట్స్ రావచ్చు. ఇంటివాళ్లు పక్షవాతం ముదిరిందనుకుని భయపడతారు. దాపరికం లేకుండా ఆ అలవాటు గురించి డాక్టరుకు ముందే చెప్పాలి. తిరిగి తాగిస్తే మింగడంలో, నడకలో ప్రమాదం పెరుగుతుంది.

మూతి ఒక పక్కకు పోవడం, చెయ్యి ఎత్తితే కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం, ఉన్నట్టుండి తూలిపడటం, చూపు పోవడం, వీటిలో ఏది కొత్తగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. కాసేపటికి తగ్గిపోయినా సరే వెళ్లాల్సిందే. నోట్లో మాత్రలు, నీళ్లు ఏవీ వేయొద్దు. మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వవచ్చో లేదో ఆ టైమును బట్టే డాక్టర్లు లెక్కవేస్తారు.